ఈశాన్యం తప్ప అన్నీ బాగున్నాయి

హిందూపురంలో మా ఇల్లు అమ్మకానికి పెట్టి ఏడు నెలలైంది. ఈ ఏడు నెలల్లో నలభై ఒక్క జట్లు వచ్చి చూసిపోయాయి. మా ఆవిడ లెక్కలో కాఫీలు రెండొందలు దాటాయి. నిమ్మకాయ నీళ్ళకు దిగి నెలన్నరైంది. ఇప్పుడు నిమ్మకాయలు కూడా ప్రియమయ్యాయి.

వచ్చిన ప్రతివాళ్ళూ పోతూపోతూ గేటు దగ్గర ఆగి ఒకే మాట అంటారు: "ఇల్లు చానా బాగుంది సార్. ఈశాన్యమే కొంచెం..." ఆ 'కొంచెం' తర్వాత ఏముందో ఏడు నెలలుగా నాకు తెలియలేదు. ఒకరోజు పొద్దున వచ్చినాయన మా ఈశాన్యం పెరిగిందన్నాడు. అదేరోజు సాయంత్రం వచ్చినాయన తగ్గిందన్నాడు. ఎండకు వ్యాకోచించి, చల్లబడ్డాక సంకోచించి ఉంటుంది. పెద్దలు ఈశ్వరుడికని విడిచిపెట్టిన దిక్కును మనం అబద్ధాలకు అద్దెకిచ్చాం. "డబ్బులు చాలవు" అనడానికి నామోషీ, "ఊరికే చూద్దామని వచ్చాం" అనడానికి మొహమాటం. ఈశాన్యానికి నోరు లేదు కాబట్టి దాని మీదికి నెట్టేస్తే సరి.

వాళ్ళలో కొనే ఉద్దేశంతో వచ్చినవాళ్ళు అరడజను ఉంటారేమో. పక్క వీధిలో తన ఇల్లు అమ్ముకోవాలనుకుంటున్న పెద్దమనిషి, మా రేటు ఎంతో తెలుసుకుపోవడానికి బావమరిదిని పంపించాడు. బావమరిది టార్చి తెచ్చుకుని సంపులోకి కూడా తొంగిచూశాడు. బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళకు మా ఇల్లు లేపాక్షి యాత్రలో ఒక మజిలీ. నందిని చూసి, వేలాడే స్తంభం కింద కండువా తోసి చూసి, అదే చేత్తో వచ్చి మా గోడలు తట్టి చూశారు. బ్రోకరుకు ఆదివారం గడవాలి, పిల్లలకు బాత్రూం కావాలి, మా ఇల్లు దారిలో ఉంది.

గది తలుపు తట్టి లోపలికి రావాలన్న ఇంగితం 'పార్టీ' అనిపించుకున్న మరుక్షణం ఎక్కడికి పోతుందో! మా అమ్మకు ఎనభై మూడేళ్ళు. మధ్యాహ్నం ఒక కునుకు తీస్తుంది. ఒకాయన నేరుగా ఆ గదిలోకి వెళ్ళి లైటు వేసి, ఆమె తల మీదుగా టేపు చాచి, "ఏసీ పాయింటు యాడుంది?" అన్నాడు. అమ్మ ఉలిక్కిపడి లేచి కొంగు సర్దుకుని "ఎవురప్పా నువ్వు?" అంది.

"కొనేవాళ్ళం అవ్వా."

"నన్నా?" అంది అమ్మ.

పెనుకొండలో ఇళ్ళు అమ్ముకునేవాళ్ళ కష్టం వేరు. 2017లో ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీకి ఒప్పందం కుదిరాక అక్కడ బండరాయి కూడా రేటు చెప్పడం నేర్చుకుంది, అది నిజమే. దానికి కొనేవాళ్ళు కనిపెట్టిన మందు 2020 ఫిబ్రవరిది. కియా తమిళనాడుకు తరలిపోతుందేమోనని అప్పుడు ఒక వార్తాసంస్థ రాసింది. కంపెనీ కాదంది, ప్రభుత్వం కాదంది. బేరగాళ్ళకు మొదటి వాక్యం చాలు. "ఫ్యాక్టరీనే పోతాండాదంట కదన్నా, నీ ఇల్లు ఎవరికి కావాల?" అని రేటు కోసి, అదే నోటితో బ్యాంకువాళ్ళ దగ్గర "కియా పక్కనే సార్, రేట్లు పెరుగుతాయి" అంటారు. 1565లో తళ్ళికోట యుద్ధం పోయాక తిరుమలరాయలు హంపి వదిలి రాజధానిని పెనుకొండకు తెచ్చుకున్నాడు. ఈ బ్రోకర్లు అప్పుడు లేరు కాబట్టి బతికిపోయాడు. ఉండుంటే కోటకు దక్షిణం వీధిపోటు చూపించి ఇంకో మూడు కొండలు తిప్పి ఉండేవాళ్ళు.

ధర్మవరం సంగతి తలుచుకుంటే నాకే తలవంపు. ఒక స్నేహితుడు "ఇల్లు చూడాల, పెద్దమనిషిగా నువ్వూ రా" అంటే భార్యాభర్తల వెంట వెళ్ళాను. నేతగాళ్ళ ఇల్లు. ముందు గదిలో సగం గుంతమగ్గమే. ఆయన గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని చీర అంచు నేస్తున్నాడు. లేచి నమస్కారం పెట్టబోయి, పోగు లెక్క తప్పుతుందని కూర్చునే తలూపాడు. మావాడు ఆయన చుట్టూ టేపు పట్టాడు. ఆయన భుజానికీ గోడకీ మధ్య టేపు దూర్చి అడుగులు చదివాడు. "ఈ గుంత పూడ్చడానికే ఒక ట్రాక్టరు మట్టి కావాల. వానాకాలం దీంట్లో నీళ్ళూరతాయి కదా? ఆ ఖర్చు రేట్లో తీసేయాల" అన్నాడు. ముప్పై ఏళ్ళు ఆ గుంత అన్నం పెట్టింది. ఆ ఇంటామె గోడవైపు తిరిగి నిలబడింది. ఆయన మగ్గం ఆపలేదు. తిరుగుదారిలో తెలిసింది, మావాడు పెనుకొండలో సైటుకు అప్పటికే అడ్వాన్సు ఇచ్చేశాడట. "మరి ఇదేంటికిరా?" అన్నాను. "పెండ్లికి చీరలు కొనాలని వచ్చినాం కదా, అంగడి తెరిసేదానికి ఇంకా టైముండె" అన్నాడు. ఆ రోజంతా నేను నోరు విప్పలేదు. విప్పాల్సింది ఆ గుంత పక్కన.

కోపం ఆగక వకీలు మిత్రుణ్ణి అడిగాను: ఇలాంటివాళ్ళకు చట్టంలో ఏమీ లేదా అని. ఆయన 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం తీసి 55వ సెక్షను చూపించాడు. మొదటి మాటే నా మీద పడింది: మామూలుగా చూస్తే కొనేవాడికి దొరకని ముఖ్యమైన లోపం ఉంటే అమ్మేవాడు చెప్పాలట. మా వెనకగదిలో స్లాబు కారుతుంది. కారే చోట గోడకు వెంకటేశ్వరస్వామి క్యాలెండరు ఉంది. అది నిరుటి క్యాలెండరని నలభై ఒక్క జట్లలో ఒక్కరూ గమనించలేదు. సరే, నా పాపం నాది. కానీ అదే సెక్షనులో కొనేవాడికీ ఒక ముక్క ఉంది. అమ్మేవాడికి ఆస్తి మీదున్న హక్కు గురించి అతనికే తెలియని సంగతి, విలువ పెంచేది, కొనేవాడికి తెలిస్తే చెప్పి తీరాలి. అమ్మేవాడు దాస్తే మోసమనీ, కొనేవాడు దాస్తే బేరమనీ మనం రాసుకున్న చట్టం వేరే.

ఆ చట్టంలో ఇంకో ప్రకరణం, దేవుడి గూడు ముందు నిలబడి అడిగేది: "వైటెంత, బ్లాకెంత?" రిజిస్ట్రేషన్‌కు నూటికి ఏడున్నర ఎగ్గొట్టే ఆత్రం. ఇరవై వేలు, ఆపైన అడ్వాన్సు నగదుగా ముడితే పుచ్చుకున్నవాడికి అంతకంత జరిమానా అని ఆదాయపు పన్ను చట్టం. ఇచ్చినవాడికి కాదు. అందుకే కాబోలు అంత ధారాళంగా ఇవ్వజూపుతారు.

పోయిన గురువారం నలభై రెండో ఆయన ఒంటరిగా వచ్చాడు. చెప్పులు గేటు దగ్గరే విప్పాడు. "ముందే చెప్తాండా సార్. నా దగ్గర పన్నెండు లక్షలుండాయి. మిగతాది లోను, ఇంకా అడగలేదు. మీ రేటు నాకు అందదేమో. చూడమంటే చూస్తా, వద్దంటే ఇట్లనే పోతా" అన్నాడు. అమ్మ పడుకుందని తెలిసి ఆ గది తలుపు తియ్యనివ్వలేదు. వెనకగదిలో క్యాలెండరు ఎత్తి చూసి, మళ్ళీ మేకుకు తగిలించి, "కారుతాంది కదా సార్" అని నవ్వాడు. నిమ్మకాయ నీళ్ళు తాగి, లోటా తనే లోపలిచ్చి వెళ్ళిపోయాడు. ఈశాన్యం ఊసే ఎత్తలేదు.

"ఎవరో తేడాగా ఉన్నాడు" అంది మా ఆవిడ.

"ఇన్ని నిజాలు చెప్పేవాని ఎనకాల ఏందో ఉంటాది సార్" అన్నాడు బ్రోకరు. నాకూ అలాగే అనిపించింది. నంబరు తీసుకోలేదు.

ఈ ఆదివారం ఇంకో జట్టు వస్తోంది. ఇన్నోవాలో తొమ్మిది మంది. చానా గట్టి పార్టీ అన్నాడు బ్రోకరు. నిమ్మకాయలు తెప్పించాను.