ఏడో వరస

ఆషాఢం. మరిడమ్మ జాతర రోజులు. పెద్దాపురంలోని నా డీటీపీ షాపుకి నా ఈడు మనిషొకాయన ల్యాప్‌టాప్ పట్టుకొచ్చారు. హైదరాబాదులో పెద్ద ఉద్యోగమట. వాళ్ల నాన్నగారు పట్టుబట్టల కొట్లో గుమాస్తాగా చేసి, మొన్న వేసవిలో పోయారు. ఆయన దాచుకున్న సీడీలో ఒకే ఒక్క ఎక్సెల్ ఫైలుంది.

"పైన 'కంపాటిబిలిటీ మోడ్' అని వస్తోందండి. పాడైపోయినట్టేనా?"

కాదన్నాను. 2007కి ముందు ఎక్సెల్ ఫైళ్ల రకమే వేరు. అప్పట్లో షీటుకి 65,536 వరసలే పట్టేవి, ఇప్పుడు 10,48,576. 'ఇది పాతరకం ఫైలు, పాత పద్ధతిలోనే తెరిచాను' అని చెప్పడమే ఆ మాట. దానికి భయపడి జనం నిక్షేపంలాంటి ఫైళ్లు తీసేస్తుంటారు. నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

"మరి ఈ పిచ్చి రాతలేంటండి?"

పేర్లుండాల్సినచోట ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా ఉన్నాయి. అంకెలు మాత్రం చక్కగా కనబడుతున్నాయి. మొత్తం 96,000.

"ఊరందరికీ అప్పులిచ్చి పోయారండి మా నాన్న. పేర్లు తెలిస్తే ఇంటింటికీ వెళ్లి అడుగుతాను."

ఫాంటు గడిలో అను ఫాంటు పేరుంది. అందులో తెలుగు అక్షరం బొమ్మ ఇంగ్లీషు అక్షరం గదిలో కాపురముంటుంది. ఫాంటు లేని కంప్యూటర్లో బొమ్మ పోయి, అడుగునున్న ఇంగ్లీషు అక్షరం బయటపడుతుంది. యూనికోడ్‌లో అయితే తెలుగు అక్షరాలకి సొంత నంబర్లున్నాయి; 'అ'ది 0సి05. ఈ ఫైలుకి ఆ భాగ్యం లేదు. పైనున్న ఆ మెసేజీకీ ఈ రాతలకీ సంబంధమూ లేదు.

సీడీ తీసి నా పాత కంప్యూటర్లో పెట్టాను. అను ఫాంట్లు అందులో ఉన్నాయి. తెలుగు వచ్చింది. అన్నిటికన్నా పైన శీర్షిక:

'మావాడి ఇంజినీరింగు ఫీజుకి చేబదులిచ్చినవారు.'

ఆయన స్టూలు మీద కూలబడిపోయారు. నేను కిందికి చదువుకుంటూ వెళ్లాను. అన్నీ నేతవాళ్ల పేర్లే. ఆరింటి పక్కన 'చెల్లు' అని ఉంది. ఏడో వరసలో లేదు.

ఆ పేరు మా నాన్నది. 12,000. జూలై 2004.

ఆ నెల్లోనే, చేతిలో డబ్బుల్లేవని, మా నాన్న నన్ను కాలేజీ మాన్పించాడు.