చింతగింజ ఊడిపడిందా?

మా రోజుల్లో చెప్పుల్లో కాలు పెట్టేముందు వాటిని నేలకేసి రెండు దెబ్బలు కొట్టేవాళ్ళం. దుప్పటి పరిచేముందు దులిపేవాళ్ళం. గూట్లో చెయ్యి పెట్టాలంటే ముందు బుడ్డిదీపం పట్టి చూసేవాళ్ళం. ఇవన్నీ ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. తప్పితే మా అవ్వ నెత్తిన ఒక్కటిచ్చేది, అంతే చదువు. ఇప్పుడు మా మనవడు బెంగళూరు నుంచి సెలవులకొస్తాడు. వాడి బూట్లు రాత్రంతా వసారాలో నోళ్ళు తెరుచుకొని పడుంటాయి. పొద్దున్నే చెవుల్లో ఏవో కుక్కుకొని, పాట వింటూ వాటిలోకి కాళ్ళు దూరుస్తాడు. "ఒకసారి విదిలించుకోరా నాయనా" అంటే, "ఇంకా తేళ్ళున్నాయా తాతా?" అంటాడు. ఉన్నాయా అంట! అనంతపురం జిల్లావాడి మనవడు అడగాల్సిన మాటేనా అది?

మా వైపు రాయి లేని చోటు లేదు. ఇంటి గోడ రాయి, చేని గట్టు రాయి, గొడ్ల కొట్టం రాయి. ఆ సందులన్నీ ఎర్ర తేళ్ళ ఇళ్ళే. చెనిక్కాయ కట్టె వామి వేసినా, పిడకలు పేర్చినా అవి మనకంటే ముందు గృహప్రవేశం చేసేస్తాయి. ఎండాకాలం రాత్రుల్లో, తొలివాన పడిన సాయంత్రం బయటికొస్తాయి. మేమేమో మండ్రగబ్బను చూసి కేకలు పెట్టేవాళ్ళం. నల్లగా అరచెయ్యంత ఉంటుంది, లావాటి డెక్కలు, చూస్తేనే ఒళ్ళు జలదరిస్తుంది. నిజానికి దాని వల్ల ప్రాణం పోయేది చాలా అరుదు. చంపేది ఆ వేలెడు ఎర్ర తేలు. దానికి డెక్కలు సన్నం, తోక లావు. మనుషుల్లోనూ అంతే లెండి, ఆ సంగతి వద్దు.

కుట్టిందంటే వైద్యాలకు కొదవ లేదు. ఉల్లిగడ్డ రుద్దేవారు. సున్నమూ నవాసాగరమూ నలిపి వాసన చూపించేవారు, ఆ ఘాటుకు కళ్ళమ్మట నీళ్ళు కారి తేలు సంగతి కాసేపు మరిచిపోయేవాళ్ళు. అన్నిటికంటే నమ్మకం చింతగింజ మీద. గింజను బండమీద తెల్లగా అరగదీసి, ఆ వేడిమీదే కుట్టినచోట ఆనిస్తే అతుక్కుపోయేది. విషమంతా పీల్చుకొని అదే ఊడిపడుతుందనేవారు. చుట్టూ మూగినవాళ్ళంతా "ఊడిందా? ఊడిందా?" అని అడుగుతూ ఉండేవారు.

ఆపైన మంత్రగాడు. మా ఊరాయన గ్రహణం పూట మొలలోతు నీళ్ళలో నిలబడి నేర్చుకున్నాడట. పైసా ముట్టడు, ముడితే మంత్రం పారదు. వేపమండతో భుజం నుంచి కిందికి దూస్తూ "యాడికి దిగింది?" అంటే, "మోచేతికి" అనేవారు. కాసేపటికి "మణికట్టుకు". తెల్లారేసరికి నొప్పి పోయేది. ఆయన పేరు నాలుగూళ్ళకు పాకింది. పాకదా మరి! చాలా కుట్లకు మంత్రం వేసినా వెయ్యకపోయినా తెల్లారేసరికి నొప్పి తగ్గుతుందని మాకేం తెలుసు?

నాకు పదకొండేళ్ళప్పుడు పక్కింటి పిల్లవాణ్ణి కుట్టింది. నాకంటే నాలుగేళ్ళు చిన్న. మంత్రగాణ్ణి పిలవడానికి పరిగెత్తింది నేనే. ఆయనొచ్చి మంత్రించాడు. పిల్లవాడు ఏడుపు మానేశాడు. "విషం దిగింది, పండుకోనీండి" అన్నారు అందరూ. వాంతులయ్యాయి, విషం కక్కుతున్నాడన్నారు. ఒళ్ళంతా చెమటలు పట్టి అంగీ తడిసింది, విషం చెమటలో పోతోందన్నారు. చేతులు మంచులా చల్లబడ్డాయి. దానికి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. కోడి కూసే వేళకు రొప్పు మొదలై, నోట్లోంచి ఎర్రచాయ నురగ వచ్చింది. రాత తప్పించలేమన్నారు. చింతగింజ మాత్రం వాడి కాలికి అలాగే అతుక్కొని ఉంది.

పోయిన ఏడు వానల్లో మా చేలో కలుపు తీస్తున్న అమ్మాయిని కుట్టింది. చుట్టూ ఆరుగురు నిలబడ్డారు, ఆరు ఫోన్లు. ఒకడు వీడియో తీస్తున్నాడు, ఒకడు పళ్ళపేస్టు రాయమంటున్నాడు, ఇంకొకడు ఎవరికో ఫోన్ కలిపి ఆమె చెవికి ఆనించాడు. అవతలినుంచి మంత్రం! మా ఊరాయన కనీసం అర్ధరాత్రి లేచి నడిచొచ్చేవాడు. వీళ్ళు దాన్నీ పడుకున్నచోటునుంచే కానిచ్చేస్తున్నారు. నేను తిట్టి, ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయాను. దారి పొడుగునా ఆ పిల్ల గావుకేకలు, నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

అక్కడ డాక్టరు నా మనవడి ఈడువాడు. నింపాదిగా ఆమె చేతులు తడిమాడు, బీపీ చూశాడు, కుట్టినచోట మత్తు సూది వేశాడు. "అట్లా అరుస్తా ఉంటే నింపాదిగా ఉన్నావేమప్పా?" అన్నాను. "అరవనీండి పెద్దాయనా. చేతులు వెచ్చగానే ఉన్నాయి కదా. చెమటలు కారి, చల్లబడి, సద్దు లేకుండా పడుండేవాళ్ళంటేనే నాకు భయం" అన్నాడు. నేను బయటికొచ్చి గట్టుమీద కూర్చున్నాను. అరవై ఏళ్ళ కిందటి ఆ ఏడుపు మానేసిన పిల్లవాడు వచ్చి పక్కన కూర్చున్నట్టయింది.

ఆ తర్వాత ఆ కుర్ర డాక్టరు వివరంగానే చెప్పాడు. ఎర్ర తేలు విషం నరాలను రెచ్చగొట్టి, ఒంట్లో అడ్రినలిన్‌లాంటివాటిని వరదలా వదులుతుందట. రక్తనాళాలు బిగుసుకుపోతాయి, బీపీ లేస్తుంది, గుండె ఆ బరువు లాగలేక అలిసిపోతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆ నురగ అదే. దీనికి విరుగుడు బీపీకి వాడే మామూలు మాత్ర, ప్రజోసిన్. బిగిసిన నాళాలను అది వదులు చేస్తుంది. వేశాక లేచి నిలబడనివ్వకూడదు, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది.

ఆ మాత్ర తేలు విషానికి పనికొస్తుందని కనిపెట్టింది ఏ పెద్ద పట్నంలోనో కాదు. కొంకణంలో మహాడ్ దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్. కుట్టిన వాళ్ళ మంచాల పక్కనే కూర్చొని గంటగంటకూ లక్షణాలు రాసుకున్నాడు. 1982లో ఆ రాతలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. 1986లో అదే పత్రికలో ప్రజోసిన్ సంగతి రాశాడు. అంతకుముందు ఆ వైపు ఎర్ర తేలు విషం ఒంటికెక్కినవాళ్ళలో నూటికి ముప్పైమందికి తక్కువ కాకుండా పోయేవారు, తర్వాత అది నాలుగుకు లోపే. 2011లో 70 మంది మీద చూసి, మాత్రతోపాటు తేలు విరుగుడు సీరం కూడా ఇస్తే 18 గంటల్లో కోలుకునేవాళ్ళు 8 గంటల్లోనే లేస్తున్నారని ఆయనా, ఆయన భార్యా కలిసి రాశారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. నలభై ఏళ్ళ తర్వాత! మా రోజుల్లోనూ సర్కారు ఇంతే నిదానం, ఆ ఒక్క విషయంలో కాలం మారలేదు.

పాముకున్న మర్యాద తేలుకు లేదు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాముకాటును నిర్లక్ష్యానికి గురైన రోగాల జాబితాలో చేర్చింది. 2024లో మన కేంద్రం పాముకాటు కేసులన్నీ తప్పకుండా నమోదు చేయమని రాష్ట్రాలకు చెప్పింది. తేలుకో? ప్రపంచమంతా ఏటా 12 లక్షలమందిని కుడుతుందనీ, మూడువేల పైచిలుకు పోతారనీ 2008లో ఒక అంచనా వేశారు. అందులో మా పక్కింటి పిల్లవాడి లాంటివాళ్ళు ఎందరు లెక్కకొచ్చారో! కర్నూలు వైపు కోడుమూరులో శ్రావణమాసం మూడో సోమవారం కొండలరాయుడికి తేళ్ళనే పట్టుకెళ్ళి సమర్పిస్తారు. తేలును గుర్తుపెట్టుకున్నది ఆ దేవుడొక్కడే.

మొన్న మనవడు ఆన్‌లైన్లో ఏదో ఊదారంగు టార్చి తెప్పించాడు. దాని వెలుగులో తేళ్ళు మెరుస్తాయట. డబ్బు దండగ అని తిట్టాను. చీకటి పడ్డాక పెరట్లో రాతి గోడమీద వేశాడు. పచ్చగా ఒకటి మెరిసింది. పక్కకు తిప్పితే ఇంకొకటి. మూడోది వీపుమీద పిల్లల్ని మోస్తోంది. వాడు లెక్కపెడుతూ పోయాడు, పదకొండు. రోజూ సాయంత్రం నేను కుర్చీ వేసుకొని వీపు ఆనించేది ఆ గోడకే.

"తాతా, చెప్పులు విదిలించే వేసుకున్నావు కదా?" అన్నాడు వెధవ. నేనేం మాట్లాడలేదు. కుర్చీ తీసి వాకిట్లో వెయ్యమన్నాను.