మూలనపడ్డ కంప్యూటర్ ఆత్మకథ

తన కథ తానే చెప్పుకుంటున్న ఈ డెస్క్‌టాప్ కంప్యూటర్ 2003లో తయారైంది. పెంటియం 4 ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్, విండోస్ ఎక్స్‌పీ. ఆ రోజుల్లో మంచి యంత్రమే. పుట్టుక గురించి చెప్పుకోవలసింది ఒక్కటే. ఒక డెస్క్‌టాప్‌నూ దాని మానిటర్‌నూ తయారు చేయడానికి సుమారు 240 కిలోల శిలాజ ఇంధనం, 22 కిలోల రసాయనాలు, 1,500 కిలోల నీరు ఖర్చవుతాయని ఐక్యరాజ్య సమితి విశ్వవిద్యాలయం 2004లో లెక్క తేల్చింది. ఆ లెక్క ప్రకారం కొన్నేళ్ల వాడకంలో కాలే కరెంటు కన్నా తయారీకి పట్టే శక్తే ఎక్కువ. ఇలాంటి యంత్రాన్ని ఎంతకాలం వాడితే ఆ ఖర్చుకు అంత న్యాయం జరుగుతుంది.

అమెరికాలో, ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరంలో ఒక ఆఫీసు దీన్ని కొన్నది. పద్దులు, జీతాల పట్టికలు, ఉత్తరాలు అన్నీ దీని మీదే సాగాయి. నెలాఖరుల్లో పొద్దుపోయేదాకా పనిచేసినా ఒక్క లెక్కా పోగొట్టలేదు. ఆ మాట ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటుంది. 2007లో కొత్త యంత్రాలు వచ్చాయి. చెడిపోయిందని కాదు, పాతబడిందని దీన్ని తీసేశారు. వైర్లు పీకి, సామాన్ల గదిలో విరిగిన కుర్చీల పక్కన పడేశారు.

ఆ గదిలో ఏళ్లు గడిచాయి. ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము మందంగా పేరుకుంది. గడియారాన్ని నడిపే బటన్ సెల్ ఎండిపోయింది. తారీఖు తెలియని స్థితికి వచ్చింది. అంతకన్నా బాధ కలిగించిన సంగతి వేరే ఉంది. హార్డ్ డిస్క్‌లో సిబ్బంది జీతాలు, చిరునామాలు అలాగే ఉన్నాయి. చెరిపేయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నమ్మి అప్పగించిన వివరాలకు ఆ మాత్రం విలువ కూడా ఇవ్వలేదు. పక్కనే ఉన్న పిక్చర్ ట్యూబ్ మానిటర్లలో ఒకటి రెండు చెత్తబండి ఎక్కాయి. వాటి గాజులో ఉండే సీసం కిలోల్లో ఉంటుంది. అది నేలలోకి, నీటిలోకి దిగితే మనుషులకే ముప్పు.

2010 జనవరి 1 నుంచి ఒరెగాన్‌లో కంప్యూటర్లు, మానిటర్లు, టీవీలు చెత్తలో పారేయడాన్ని చట్టం నిషేధించింది. దాంతో ఆఫీసు ఆ సామాన్ల గదిని ఖాళీ చేసింది. ఇది ఫ్రీ గీక్ గుమ్మానికి చేరింది.

ఫ్రీ గీక్ 2000లో పోర్ట్‌లాండ్‌లో మొదలైన లాభాపేక్ష లేని సంస్థ. జనం వదిలేసిన కంప్యూటర్లను తీసుకుని, బాగుపడేవాటిని బాగుచేసి, కొనలేనివాళ్లకు అందిస్తుంది. బాగుపడనివాటిని విడదీసి రీసైక్లింగ్‌కు పంపుతుంది. ఆ రోజుల్లో పనిలో ఎక్కువ భాగం స్వచ్ఛంద కార్యకర్తలదే. 24 గంటలు పనిచేసినవారికి ఒక కంప్యూటర్ సొంతమయ్యే పద్ధతి చాలాకాలం నడిచింది. చేతిలో డబ్బు లేనివారు తమ శ్రమతో సంపాదించుకునేవారు. దానం తీసుకున్నామన్న చిన్నతనం ఉండేది కాదు. ఈ యంత్రం దృష్టిలో ఆ సంస్థ చేసిన గొప్ప పని ఇదే.

అక్కడ మొదట హార్డ్ డిస్క్ మొత్తాన్నీ చెరిపారు. ఆఫీసు చేయని పని అది. తర్వాత ఒక కుర్రాడు పక్క మూత తీసి, ఫ్యాన్ రెక్కలను బ్రష్‌తో ఒక్కొక్కటీ తుడిచాడు. ఎండిపోయిన బటన్ సెల్ తీసి కొత్తది బిగించాడు. మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బాయేమోనని వేలితో తడిమి చూశాడు. ఆ రోజుల్లో తయారైన బోర్డులకు అది పెద్ద జబ్బు. ర్యామ్ పరీక్ష పూర్తయ్యాక ఉబుంటు లినక్స్ ఎక్కించాడు. దానికి లైసెన్స్ రుసుము లేదు. అప్పట్లో పాత యంత్రం మీదా కుదురుగా నడిచేది. స్క్రీన్ మీద సరైన తారీఖు కనిపించినప్పుడు ఆ కుర్రాడు నవ్వాడు. అతను ఆ పని అక్కడే నేర్చుకున్నాడు.

కేబుళ్లు, కీబోర్డులు వేరుచేసే బల్ల దగ్గర తన గంటలు పూర్తి చేసిన ఒక తల్లి దీన్ని ఇంటికి తీసుకెళ్లింది. ఉద్యోగ దరఖాస్తులు, పిల్లల హోంవర్క్, దూరాన ఉన్న చుట్టాలకు ఈమెయిళ్లు అన్నీ దీని మీదే నడిచాయి. ఆఫీసు నాలుగేళ్లు వాడింది. ఆ ఇల్లు అంతకన్నా ఎక్కువే వాడింది.

2017 అక్టోబరు విడుదల నుంచి ఉబుంటు 32 బిట్ డెస్క్‌టాప్‌లకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. ఈ ప్రాసెసర్ 32 బిట్‌దే. వెబ్‌సైట్లు కూడా బరువెక్కడంతో ఆ తల్లి దీన్ని సామాన్ల గదికి నెట్టకుండా తిరిగి ఫ్రీ గీక్‌కే అప్పగించింది. పనిచేసే పవర్ సప్లై, సీడీ డ్రైవ్ సంస్థ నడిపే పాత వస్తువుల దుకాణానికి వెళతాయి. రాగి, అల్యూమినియం, ఇనుము, సర్క్యూట్ బోర్డు వేటికవి వేరుచేసి, లోహాన్ని తిరిగి తీసేవారికి పంపుతారు.