కుర్చీ ఎక్కడ వేద్దాం?

అమెరికా వాళ్ల ఫుట్‌బాల్‌లో బంతి కాలికి తగిలేది తక్కువ, చేతిలో ఉండేది ఎక్కువ. వాళ్లకు తెగని పంచాయితీ మాత్రం అది కాదు. ఏ ఎత్తు వేయాలో చెప్పే కోఆర్డినేటర్ ఎక్కడ కూర్చోవాలన్నది! పైన అద్దాల గదిలో ఉంటే ఇరవై రెండు మందీ ఎక్కడెక్కడున్నారో తెలుస్తుంది. కింద గీత పక్కన నిలబడితే ఆట నడిపే కుర్రాడి, అంటే క్వార్టర్‌బ్యాక్, మొహంలో బెదురు తెలుస్తుంది. వాళ్ల పెద్ద లీగు ఎన్ఎఫ్ఎల్‌లో 1994 నుంచి క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లోనే రేడియో పెట్టారు. ఆట మొదలెట్టే గడువు ఇంకా 15 సెకన్లుందనగా అది మూగబోతుంది. ఆ తర్వాత సారు ఎంత అరిచినా కుర్రాడికి వినపడదు.

ఆ రూలు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వస్తే ఎంత హాయి! మన దగ్గర పైనుంచి వచ్చే మాట తెగనే తెగదు.

పొద్దున వేలం మొదలెట్టే జెండా పాట చూడండి. మేలైన మిర్చి రాశి చుట్టూ ఖరీదుదారులు మూగుతారు. ఆ ధరే మర్నాడు పేపర్లో పడుతుంది. పక్క రాశి దగ్గరికొచ్చేసరికి ఒకాయన కాయ విరిచి, గింజలు రాల్చి, పెదవి విరుస్తాడు.

"తాలుంది."

"ఏడుంది సేటూ? మంచిగ సూడు."

"తేమ గూడ ఉంది."

అంతే, జెండా దిగిపోయింది. ఆఫీసు కిటికీలోంచి చూస్తే మాత్రం యార్డంతా ఎర్రగా, కన్నుల పండుగగా ఉంటుంది.

పత్తి కథ ఇంకా ఎత్తు మీద నడుస్తుంది. పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ పెద్దాఫీసు నవీ ముంబైలో. అంతకన్నా పైన అద్దాల గది ఏముంటుంది? తేమ 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే పత్తి వెనక్కి. 2025లో కపాస్ కిసాన్ యాప్ కూడా వచ్చింది, స్లాట్ ముందే బుక్ చేసుకోవాలి. స్లాట్ నాటి పొద్దున మంచు కురిస్తే? మంచుకు యాప్ లేదు.

పైగది దండగని అనను. నలుగురు ఖరీదుదారులు కళ్లతోనే మాట్లాడుకుంటే, రాశి పక్కన కూలబడ్డ రైతుకు కనపడదు, మేడ మీది సారుకు కనపడుతుంది. కనపడ్డా విజిల్ వేయడు, అది వేరే సంగతి.

అందుకే నా ఓటు కింది కుర్చీకి. మిర్చి సీజన్లో తాలు రాశి పక్కన, ఫ్యాను లేకుండా వేయాలి. చిక్కల్లా ఒక్కటే: ఆ ఘాటుకు సారు తుమ్మి తల ఊపితే, పాట వంద పెరిగిందని రాసుకుంటారేమో. రైతుకు అభ్యంతరం ఉండదు లెండి.