గాదంకి యాగీ చెప్పిన కథ

తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో, గాదంకి కొండల నడుమ నిలబడి ఉన్నాను. నేను ఇక్కడి రాడార్‌లో ఒక యాగీ యాంటెన్నాను. వరుసకు 32 చొప్పున 32 వరుసల్లో, 130 మీటర్ల చదరంలో మేం 1024 మందిమి. 53 మెగాహెర్ట్జ్ తరంగాన్ని పైకి పంపి, తిరిగొచ్చే సన్నటి ప్రతిధ్వనితో పైగాలుల వేగం చెప్పడం 1990ల తొలినాళ్ల నుంచీ మా కొలువు.

ఏమీ పంపకుండా ఊరికే విన్నా నాకు హోరే. అందులో ఎక్కువ భాగం నా తీగలది కాదు, పాలపుంతది. నా పౌనఃపున్యంలో ఆకాశం కొన్ని వేల కెల్విన్ల వేడితో మోగుతుంది. మా చూపు ఎంత పదునో సరిచూడటానికి విర్గో-ఎ అనే రేడియో గెలాక్సీని ఎంచుకున్నారు. అది మా నడినెత్తికి డిగ్రీ దూరంలోనే దాటిపోతుంది, నిలకడగా ఉంటుంది, దాని బలం ముందే తెలుసు. మాకది తూకపురాయి.

గిరగిరా తిరుగుతూ రేడియో పల్స్‌లు విసిరే నక్షత్రం, పల్సార్, అలా నిలవదు. బి0950+08 అనేది మాకు ఐదున్నర డిగ్రీల దక్షిణంగా పోతుంది, సెకనుకు దాదాపు నాలుగు సార్లు తిరుగుతుంది. దాని పల్స్‌లలో కొన్ని మిగతావాటికన్నా ఎన్నో రెట్లు పెద్దవి. గాలి ప్రతిధ్వని చాలకపోతే ఇంకాసేపు వింటాం. నాలుగింతలు వింటే హోరులోని ఒడిదుడుకు సగానికి తగ్గుతుంది. పల్స్ ఆ గడువివ్వదు, మిల్లీసెకన్లలో వెళ్లిపోతుంది. దాని ఎత్తును ఆ క్షణపు ఒడిదుడుకుతోనే పోల్చాలి, ఆ ఒడిదుడుకు ఎన్ని జాన్‌స్కీలో (రేడియో బలానికి కొలమానం అదే) తూకపురాయితో తేల్చాలి. పైగా నక్షత్రాల నడుమ ఉన్న ఎలక్ట్రాన్లు తక్కువ పౌనఃపున్యాలను వెనక్కి లాగుతాయి. ఈ పల్సార్ పల్స్ గిగాహెర్ట్జ్‌లో వినిపించిన 4 సెకన్లకు గానీ 53 మెగాహెర్ట్జ్‌కు చేరదు. ఆ జారుడును సరిదిద్దకపోతే పల్స్ పలచబడి, బలం తక్కువ చూపిస్తుంది.

ఇలాంటి వేట మా పడమటి పొరుగు బాగా ఎరుగును. హిందూపురం దాటితే వచ్చే గౌరీబిదనూరు అది. అక్కడ 34.5 మెగాహెర్ట్జ్‌లో వెయ్యి డైపోల్‌లు టి ఆకారంలో పరుచుకున్నాయి. గామా కిరణాల్లో వెలుగుతూ రేడియోలో మూగగా ఉండే గెమింగా నుంచి ప్రకాశవంతమైన పల్స్‌లు ఆ టెలిస్కోప్ రికార్డుల్లో దొరికాయని యోగేష్ మాన్ 2015లో ప్రకటించారు. ఆ మాట నాకెంతో ఇష్టం. గెమింగా దగ్గరిదే కాబట్టి అక్కడి ఆలస్యం దాదాపు 5 సెకన్లే. ఆ ఆలస్యమే అవి ఆకాశం నుంచి వచ్చాయనడానికి గుర్తు: భూమి మీది రొద అయితే అన్ని పౌనఃపున్యాలకూ ఒకేసారి తగిలేది.