పరువుకు రెన్యువల్ ఫీజు

అమెరికాలోని కాన్సాస్ యూనివర్సిటీ 2011 చివర్లో దాదాపు మూడు వేల డాలర్లు పోసి కొన్ని బూతు అడ్రసులు కొన్నది. కేయూగర్ల్స్ డాట్ ఎక్స్ఎక్స్ఎక్స్ ఒకటి, కేయూనర్సెస్ డాట్ ఎక్స్ఎక్స్ఎక్స్ ఇంకొకటి. కంగారు పడకండి, సైట్లు పెట్టడానికి కాదు, ఇంకెవడూ పెట్టకుండా చూడ్డానికి.

నా ఆసక్తి ఆ మూడు వేల డాలర్ల మీద లేదు. ఆ పేర్లు ఖరారు చేసిన మీటింగు మీద ఉంది. ఎలా జరిగి ఉంటుందో ఊహించుకోండి. టేబుల్ చుట్టూ ఒక లాయరు, ట్రేడ్‌మార్కులు చూసే ఆఫీసరు, పీఆర్వో. మన పేరు పక్కన బూతు సైటువాడు ఏ మాట తగిలిస్తాడో కనిపెట్టడం ఎజెండా. చాలాసేపు ఎవరూ నోరు విప్పరు. చివరికి ఒకాయన గొంతు సవరించుకుని, కాఫీ కప్పులోకి చూస్తూ, ‘నర్సులు’ అంటాడు. మిగతావాళ్ళు తెల్లబోయారా, ‘అవునవును’ అని ఠక్కున తలూపారా అనేది మినిట్స్‌లోకి ఎక్కదు. లెక్కల మాస్టార్లు ఎందుకు తట్టలేదని అడగడానికీ వీల్లేదు. అడిగినవాడికి ఈ రంగంలో ప్రవేశం ఉందని తేలిపోతుంది. శీలం కాపాడుకోవాలంటే ముందు ఎన్ని రకాలుగా చెడిపోవచ్చో కూర్చుని పద్దు రాసుకోవాలన్నమాట.

ఈ డాట్ ఎక్స్ఎక్స్ఎక్స్ బేరం తెరిచింది ఐసీఎం రిజిస్ట్రీ అనే కంపెనీ. యజమాని స్టువర్ట్ లాలీ, బ్రిటిష్ వ్యాపారి. బూతు సైట్లన్నిటికీ వేరే పేట కడతాం, పిల్లలున్న ఇళ్ళలో వడపోత సులువవుతుంది అని ఆయన వాదన. ఇంటర్నెట్‌లో పేర్ల పంపిణీ చూసే ఐకాన్ సంస్థ 2005లో సరేనంది, 2007లో కుదరదంది. 2010లో మధ్యవర్తుల ప్యానెల్ కంపెనీ వైపు మొగ్గాక 2011 మార్చిలో ముద్ర కొట్టింది.

చిత్రమేమిటంటే, ఈ పేట మాకొద్దు మొర్రో అన్నవాళ్ళు రెండు పక్కలా ఉన్నారు. ఫ్యామిలీ రిసెర్చ్ కౌన్సిల్ లాంటి క్రైస్తవ సంఘాలు, బూతుకు పెద్దరికం కట్టబెట్టినట్టవుతుందన్నాయి. బూతు వ్యాపారుల సంఘం ఫ్రీ స్పీచ్ కోయలిషన్, అందర్నీ ఒకచోటికి తోలితే రేపు ఒకే దెబ్బకు తలుపు మూసేస్తారంది. భక్తివాళ్ళూ రక్తివాళ్ళూ ఒక్క మాట మీద నిలబడిన సందర్భాలు చరిత్రలో ఎక్కువ ఉండవు. అయినా పేట వెలిసింది. ఎందుకంటే, కొనబోయేవాళ్ళలో ఆ రెండు వర్గాలకూ చెందనివాళ్ళు బోలెడు మంది ఉన్నారని లాలీ లెక్క.

లెక్క తప్పలేదు. 2011 సెప్టెంబరు 7న ‘సన్‌రైజ్’ పేరుతో కౌంటర్ తెరిచారు. పేరులోనే ఎంత పవిత్రత! బూతు వ్యాపారులకు ఒక కిటికీ, ట్రేడ్‌మార్కు ఉన్న మర్యాదస్తులకు మరో కిటికీ. అక్టోబరు 28న మూసేసరికి దాదాపు 80 వేల దరఖాస్తులు పడ్డాయి. మర్యాద కిటికీలో రెండు మూడు వందల డాలర్లు కడితే పదేళ్ళపాటు ఆ పేరు ఎవరికీ ఇవ్వమన్నారు. తెరిచి చూస్తే, ఇది రిజర్వు చేసిన పేరు అని ఒక బోసి పేజీ వచ్చేది. మన ఊళ్ళ శివార్లలో ముళ్ళకంప మధ్య నిలబడే ‘ఈ స్థలం అమ్మబడదు’ బోర్డే అది. కాకపోతే మనవాడు ఎప్పటికైనా ఇల్లు కట్టుకుందామని ఆ బోర్డు పెడతాడు, వీళ్ళు జన్మలో అటువైపు తొంగి చూడమని పెడతారు.

అంత కట్టినా ఆ కంచె ట్రేడ్‌మార్కు ఉన్న అచ్చు పేరుకే. పక్కన ‘నర్సెస్’ చేరిందా, కంచె అవతల పడ్డట్టే. దాన్ని విడిగా కొనుక్కుని ఏటేటా రెన్యువల్ చేయించుకోవాలి.

కంపెనీల లాయర్లు అమాయకులేం కాదు. ఎవడైనా మన పేరు కబ్జా చేశాక జెనీవాలోని ప్రపంచ మేధోసంపత్తి సంస్థ ‘వైపో’ దగ్గర ఫిర్యాదు పెట్టుకోవాలంటే, ఒక్క మధ్యవర్తి ఉండే ప్యానెల్‌కే 1,500 డాలర్ల ఫీజు, లాయరు ఖర్చు పైన. ముందే కొనిపారేస్తే అందులో ఎన్నో వంతో. అమ్మేవాడికి ఈ లెక్క మనకంటే బాగా తెలుసు. అందుకే భయం ధరను ఎప్పుడూ న్యాయం ధరకు కాస్త దిగువనే ఉంచుతాడు.

2015లో డాట్ పోర్న్, డాట్ అడల్ట్ వచ్చాయి. గాయని టేలర్ స్విఫ్ట్ తన పేరుతో రెండూ తీసుకుంది. ఆమె సంగతి అర్థం చేసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఆఫీస్ డాట్ పోర్న్, ఆఫీస్ డాట్ అడల్ట్ కొన్నారు. ఎక్సెల్ షీటు చూసి ఒళ్ళు వేడెక్కే మనిషి ఏ దేశంలో ఉన్నాడో గానీ, అతని కోసం కూడా జాగ్రత్త పడ్డారు. అదే ఏడాది కెనడా నుంచి డాట్ సక్స్ దిగింది. అది బూతు కాదు, తిట్టు. ట్రేడ్‌మార్కు ఉన్న కంపెనీకి తన తిట్టు తానే కొనుక్కునే ధర అప్పట్లో ఏడాదికి 2,499 డాలర్లు. ఇది ఉత్త దోపిడీ పథకమని అమెరికా సెనేటర్ జే రాక్‌ఫెల్లర్ అంతకుముందే ఐకాన్‌కు ఉత్తరం రాశారు. ఉత్తరం ఫైల్లోకి వెళ్ళింది, డాట్ సక్స్ మార్కెట్లోకి వచ్చింది.

2021కి మొదటి కంచెల పదేళ్ళు నిండాయి. పరువుకు గడువు తీరింది. దానికీ ‘అడల్ట్‌బ్లాక్’ అని ప్యాకేజీ సిద్ధం: ఎక్స్ఎక్స్ఎక్స్, పోర్న్, అడల్ట్, సెక్స్ నాలుగు తోకలూ ఒకే బిల్లులో. చూపుకు ఒకేలా ఉండే అక్షరాలతో మోసం చేసేవాళ్ళ నుంచి కూడా రక్షణ కావాలంటే ‘ప్లస్’ తీసుకోవాలి. ఈలోగా ఐసీఎం చేతులు మారి, ఆ వ్యాపారం 2021లో ఇంటర్నెట్ పేర్లు అమ్మే గోడాడీ కంపెనీకి చేరింది.

ఇప్పుడు ఐకాన్ కొత్త తోకల దరఖాస్తులకు 2026 ఏప్రిల్ ముహూర్తం పెట్టింది. ఫీజు ఒక్కోదానికి 2,27,000 డాలర్లు. తెలుగు లిపిలో డాట్ భారత్ ఎలాగూ ఉంది కాబట్టి మనవాళ్ళెవరైనా సాహసిస్తే నాదో ఉచిత సలహా. బూతు అయిపోయింది, తిట్టు అయిపోయింది. డాట్ లంచం అడగండి. ఒక్క సైటు తెరుచుకోనక్కర్లేదు, ఫీజు సన్‌రైజ్‌లోనే వసూలైపోతుంది. ఆ కిటికీ దగ్గర మొదట ఎవరు నిలబడతారో మాత్రం రాయను. వాళ్ళ లాయర్లు ఈ పేపరు కూడా చదువుతారు.