గోళ్ళు లేని మాస్టారు

2023 నవంబర్ 30న మా నడిగూడెంలో ఓటు వేయడానికి లైన్లో నిలబడ్డాను. ఇందులో వింతేముంది అంటారేమో. ముప్పై ఏళ్ళ పైచిలుకు నేను లైన్లో నిలబడింది లేదు. లెక్కల మాస్టారుని. ఎన్నికలొస్తే చాలు, ఏ మండలంలోనో ఏ బడి వరండాలోనో బల్ల వెనక కూర్చుని జనం వేళ్ళకి సిరా పూయడమే నా పని. నా ఓటు పోస్టులో పోయేది. పోస్టులో ఓటేసేవాడికి సిరా అంటదు. ఆ ఏడే రిటైరయ్యాను కాబట్టి, ఊరందరిలాగా చీటీ పట్టుకుని పొద్దున్నే పోయి నిలబడ్డాను.

సిరాకీ నాకూ ఒక చుట్టరికం ఉంది. మన దేశంలో ఎన్నికలకి ఈ చెరగని సిరా మొదటిసారి వాడింది 1962లో. మైసూరు పెయింట్స్ వాళ్ళ సరుకు. నేను పుట్టిందీ ఆ ఏడే. అందులో ఉండేది సిల్వర్ నైట్రేట్. వెలుతురు తగిలితే నల్లబడుతుంది. చర్మం మీదయితే రెండు మూడు వారాల్లో పోతుంది, గోరు మీదయితే గోరు పెరిగి ముందుకు జరిగిపోయేదాకా అక్కడే కూర్చుంటుంది. శిక్షణ తరగతుల్లో ఇది చెప్పించుకుని చెప్పించుకుని నాకు కంఠతా వచ్చింది.

అన్నేళ్ళు వేళ్ళు పట్టుకోగా పట్టుకోగా, మొహం చూడకుండానే మనిషి పనేంటో చెప్పగలిగే విద్య అబ్బింది. మిరప కోతలకి పోయేవాళ్ళ గోరంచు ఎర్రగా మండినట్టుండేది. పత్తి ఏరేవాళ్ళకి గోరు పక్కన సన్నసన్నటి గీతలు, ఎండిన కాయ మొన గీసినవి. ట్రాక్టరు మెకానిక్కుకి గోరుకింద నల్లటి నెలవంక, దాని మీద నా సిరా పోసినా ఏది ఏదో తెలిసేది కాదు. నాట్లు వేసే ఆడవాళ్ళ గోళ్ళు నీళ్ళలో నాని నాని అంచులు పొరలు పొరలుగా లేచి ఉండేవి. రంగు వేసుకొచ్చిన ఆడపిల్లలు సిరా పుల్లను చూసి, వాళ్ళ పెళ్ళికి నేను అడ్డం వస్తున్నట్టు చూసేవాళ్ళు.

సరే, నా వంతొచ్చింది. ఎడమచేతి చూపుడువేలు బల్ల మీద పెట్టాను. పుల్ల పట్టుకున్న కుర్రాడు నా వేలు చూశాడు. నా మొహం చూశాడు. మళ్ళీ వేలు చూశాడు.

“సార్, మీరు కోదాడలో మాకు ఎనిమిదిలో లెక్కలు చెప్పలేదూ?”

“చెప్పాన్రా. బాగున్నావా?”

“బాగున్నా సార్. గోరేది సార్?”

వెనక లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు. వాడి తప్పేం లేదు. గోరున్న చోట నాకు ఓ చిన్న గులాబిరంగు చెక్కు, అదీ అరగోరు, అంచు రంపంలాగా. మిగతాది ఎప్పుడో లోపలికి పోయింది. వాడు గొంతు తగ్గించి, “అప్పుడు గోళ్ళు పెరిగితే స్కేలుతో కొట్టేవాళ్ళు గదా సార్” అని, ఉన్నంత గోరు మీదా మిగతాది చర్మం మీదా గీత గీశాడు.

నిజమే. ప్రతి సోమవారం ప్రార్థన అయ్యాక పిల్లల గోళ్ళు చూసే డ్యూటీ నాదే. వాళ్ళ చేతులు చాపమని, నా చేతులు వెనక్కి కట్టుకుని తిరిగేవాణ్ణి. అది క్రమశిక్షణ అని హెడ్మాస్టర్లందరూ మెచ్చుకున్నారు.

గోళ్ళు కొరికే అలవాటు నాకు పదో తరగతి ఫలితాల నాడు పట్టుకుంది. ఆ ఫలితాలు మంచిగానే వచ్చాయి, అలవాటు మాత్రం పోలేదు. అమ్మ వేపనూనె రాసింది. కొన్నాళ్ళకి వేపనూనె లేని గోరు చప్పగా అనిపించడం మొదలైంది. కారం రాసింది. కళ్ళు నలుపుకుని నేను ఏడ్చానే గానీ గోరు బతకలేదు. ఇక్కడ ఒక లాభం మాత్రం చెప్పాలి. గోళ్ళు తీసుకోవడానికి మన పెద్దవాళ్ళు పెట్టిన ఆంక్షలు లెక్కేస్తే వారంలో రెండు రోజులు మిగిలితే గొప్ప. మంగళవారం వద్దు, శుక్రవారం వద్దు, దీపం పెట్టాక వద్దు, ఇంట్లో వద్దు, పుట్టినరోజు వద్దు. కొరుక్కోవడానికి మాత్రం ఏ తిథీ అడ్డం రాదు.

దీనికి శిక్ష పడకపోలేదు. ఒకసారి పరీక్షల ముందు బొటనవేలికి గోరుచుట్టు లేచింది. గోరు పక్కన చర్మం కూడా కొరుకుతాను కదా, అక్కడి నుంచి చీము పట్టింది. ఇంటావిడ నిమ్మకాయకి బొక్క పెట్టి, లోపల పసుపు కూరి, వేలికి తొడిగింది. ఆ నిమ్మకాయ వేలితోనే బోర్డు మీద వృత్తం గీశాను. “సార్, ఆ కేంద్రం పచ్చగా ఉంది” అన్నాడొకడు. గోరుచుట్టు మీద రోకటి పోటు అని ఎవరన్నారో గానీ, రోకలి రావక్కర్లేదు, ముప్పైమంది ఎనిమిదో తరగతి పిల్లలు చాలు. చివరికి కోదాడ డాక్టరుగారు కోసి చీము తీసి చెప్పారు: గోరు మొదట్లో సన్నటి పొర ఉంటుంది, అది గోరుకీ చర్మానికీ మధ్య తలుపు లాంటిది, దాన్ని కొరికినా కత్తిరించినా క్రిములకి తలుపు తీసినట్టే అని. బ్యూటీ పార్లర్లలో దాన్ని కత్తిరించి ‘శుభ్రం’ చేస్తామన్నా వద్దనమని మా ఆవిడకి కూడా చెప్పారు. నేను బుద్ధిగా తలూపి, బస్సెక్కగానే రెండో చేతి వేలు నోట్లో పెట్టుకున్నాను.

ఓటేసి ఇంటికొచ్చి, గోరేది సార్ అన్న మాట మా ఆవిడకి చెప్పాను. ఓదారుస్తుందనుకున్నాను. ఆమె లోపలికి పోయి ఒక గుడ్డసంచి తెచ్చి నా ముందు పెట్టింది. పావుకిలో వడ్లు.

“గోటి తలంబ్రాలండీ. భద్రాద్రి రాములవారి పెళ్ళికి. మన వీధిలో ఇంటికింత పంచారు. శివరాత్రి లోపల వలిచి ఇవ్వాలి. రోకలీ వద్దు, మిల్లూ వద్దు. గోటితోనే.”

సంగతి మీకు తెలిసే ఉంటుంది. తూర్పుగోదావరి కోరుకొండ భక్తులు ఇందుకోసమే వరి పండించి, గింజ గింజా గోటితో వలిచి, తలంబ్రాలకి భద్రాచలం మోసుకుపోతారు. అది చూసి మిగతా ఊళ్ళు కూడా అందుకున్నాయి. మిర్యాలగూడ మిల్లులు గంటకి టన్నుల లెక్కన ఆడించే ప్రాంతంలో, సాగర్ ఎడమ కాలువ కింద, ఒక్కో గింజ గోటితో. రాములవారి లెక్కలు వేరు.

“నాకు గోళ్ళెక్కడివే?” అన్నాను.

“పెంచండి. శివరాత్రికి మూడు నెలలుంది.”

“దేవుడి పనికి ఎంగిలి గోళ్ళా?”

“అందుకే ఇవాళ్టి నుంచి ఎంగిలి చెయ్యకండి. గోళ్ళతో పని చేసిన దేవుడు మన జిల్లాలోనే ఉన్నాడు, మట్టపల్లిలో. ఆయన్ని తలుచుకోండి.”

హిరణ్యకశిపుడు నయం అనుకున్నాను, ఆయనకి ఒక్క సాయంత్రంలో అయిపోయింది.

లెక్కల మాస్టారుని కదా, కూర్చుని లెక్క కట్టాను. మా దగ్గరంతా సాంబ మసూరి, అదే బాపట్లలో పుట్టిన బీపీటీ 5204. వెయ్యి వడ్ల గింజలు సుమారు పద్నాలుగున్నర గ్రాములు తూగుతాయి. పావుకిలో అంటే పదిహేడు వేల గింజల పైమాట. ఇక గోరు. చేతిగోరు నెలకి మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంటే రోజుకి మిల్లీమీటర్లో పదో వంతు. కాలిగోరు అందులో సగం కూడా కాదు. మధ్యవేలి గోరుది కాస్త జోరు, చిటికెనవేలుది, బొటనవేలుది నిదానం. పని చేసే చేతిది మరికాస్త త్వరగా పెరుగుతుందట. మొత్తం గోరు కొత్తది రావాలంటే ఆరు నెలలు.

ఇంకా తెలుసుకుందామని పుస్తకాలు వెతికాను. మా ఊరికి పుస్తకాల విషయంలో పెద్ద పేరే ఉంది. మునగాల రాజా నాయని వెంకటరంగారావు గారి కోట ఇక్కడే. ఆయన దగ్గర దివానుగా ఉన్న కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టారు. ‘అ’ నుంచి ఎంత వివరంగా మొదలుపెట్టారంటే, ‘గ’ దాకా రాకముందే, 1923లో ఆయన కాలం చేశారు. గోరు గురించి అందులో ఉండే భాగ్యం మనకి లేకపోయింది. మా కోటలోనే పింగళి వెంకయ్య గారు జెండాకి రూపం ఇచ్చారని మా ఊళ్ళో అందరూ చెప్పుకుంటారు. ఆయన గోళ్ళెలా ఉండేవో ఎవరూ చెప్పుకోరు.

చదవగా దొరికిన వాటిలో నన్ను పట్టుకున్నది పుణె శ్రీధర్ చిల్లాల్ కథ. బడిలో ఆయన చెయ్యి తగిలి ఒక మాస్టారి పొడుగాటి గోరు విరిగిందట. గోరు పెంచితేగానీ దాని విలువ నీకు తెలియదురా అన్నారట ఆ మాస్టారు. కుర్రాడు 1952లో ఎడమచేతి గోళ్ళు తియ్యడం మానేశాడు. మళ్ళీ తీసింది 2018లో, న్యూయార్కులో, మిషను పెట్టి కోసి. అయిదు గోళ్ళూ కలిపి తొమ్మిది మీటర్లు దాటాయి. చెయ్యి మాత్రం పనికి రాకుండా పోయింది. చదివి వణికిపోయాను. స్కేలుతో కొట్టడం ఎంత మంచి పద్ధతో!

పెంపకం మొదలైంది. రాత్రి పడుకునే ముందు మా ఆవిడ గోటి మొదళ్ళకి కొబ్బరినూనె రాసేది. గిన్నెలు తోమడానికి ఎలాగూ నేను రాను కాబట్టి నీళ్ళలో నానే బాధ లేదు. అంచు ఏ కాస్త గరుకుగా ఉన్నా నాలిక అక్కడికే పోతుంది, అందుకని దొరికిన ప్రతి పక్కూ ఆకురాయితో నున్నగా రుద్దుకునేవాణ్ణి. కొరకాలనిపిస్తే పల్లీలు. డిసెంబరులో నాలుగు కిలోల పల్లీలు అయ్యాయి.

కాలం ఎంతయిందో క్యాలెండరు చూడక్కర్లేకుండా పోయింది. చూపుడువేలి మీద ఎన్నికల సిరా ఉంది కదా. మొదట్లో గోరంతా నలుపు. క్రిస్మస్ నాటికి గోటి మొదట్లో సన్నటి తెల్లటి పట్టీ తేలింది. సంక్రాంతికి నలుపు సగానికి జరిగింది, వెనక నున్నటి కొత్త గోరు. దాని మీద ఒక తెల్ల మచ్చ కనపడితే చిన్నప్పటిలాగే సంబరపడ్డాను. నాట్ల పొలాల మీదుగా కొంగలు పోతుంటే, గోళ్ళు చూపిస్తూ వాటి వెంట పరిగెత్తేవాళ్ళం. కొంగ ఇచ్చిన తెల్ల మచ్చ ఉంటే కొత్తబట్టలొస్తాయని. క్యాల్షియం తక్కువ అంటారు గానీ అదీ కాదట. గోరు పుట్టే చోట ఎప్పుడో చిన్న దెబ్బ తగిలి ఉంటుంది, అంతే. తలుపులో నొక్కుకున్న వేలే అయ్యుంటుంది. కొంగ మాటే నాకు నచ్చింది.

సంక్రాంతికి హైదరాబాదు నుంచి అమ్మాయి వచ్చింది. గోళ్ళు బాగా పొడుగ్గా, బాదంపప్పుల్లాగా, ఒక్కోదాని మీద చిన్న చిన్న పూలు. “ఇవి నావి కావు నాన్నా, అతికించారు” అంది. ఎంతయిందో చెప్పగానే మా ఆవిడ బియ్యం బస్తా లెక్కలోకి దిగింది. అంత గోళ్ళున్నాయి, వలవడానికి నువ్వే సరైనదానివి అని సంచి దాని ముందు పెట్టాను. ఒక గింజ పట్టుకుంది. గింజ జారిపోయి బీరువా కింద పడింది. రెండోది పట్టుకుంటే ఒక పువ్వు ఊడి వడ్లలో పడింది. మేం ముగ్గురం అరగంట ఆ పువ్వు వెతికాం.

తర్వాత నేను కూర్చున్నాను. ఒక గంటలో నలభై గింజలు. అందులో నూకైనవి పదకొండు. నూక తలంబ్రాలకి పనికిరాదు. నలభై లెక్కన, రోజుకి గంట చొప్పున, మొత్తం వలవడానికి 425 రోజులు. అంటే 2024 కాదు, 2025 శ్రీరామనవమికి ఉంచుకోవాలి. పైగా వడ్ల మొన గోటికింద దిగిందంటే కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

అప్పుడొచ్చింది మా వీధి చివర నాట్ల ముఠా పెద్దామె. మా ఊళ్ళో సగం మంది నన్ను సారూ అంటారు, సగం మంది మాస్టారూ అంటారు. మునగాల పరగణా నైజాం మధ్యలో కృష్ణా జిల్లా ముక్కగా ఉండి 1959లో నల్లగొండలో కలిసింది మరి, ఆ అతుకు మాటల్లో ఇంకా కనపడుతుంది. ఈమె రెండూ అంటుంది.

“అట్ల కాదు సారూ, నడుం పట్టుకుంటే ఇరుగుతది. ముక్కు పట్టుకోండి.”

చూపించింది. ఆమె గోళ్ళు పొట్టివి, మందంగా, పసుపు పట్టి ఉన్నాయి. ఆదివారం ఆదివారం బ్లేడుతో తీసుకుంటుందట, వేలి కొస కన్నా గింజ వాసి మాత్రం ఎక్కువ వదిలి. గింజ మొన దగ్గర పైపొట్టూ కిందిపొట్టూ కలిసే సందు ఉంటుంది. అక్కడ బొటనగోరు ఆనించి చిన్నగా తిప్పింది. పొట్టు రెండు చెక్కలుగా తెరుచుకుంది, బియ్యపు గింజ నిండుగా అరచేతిలో పడింది. చప్పుడు కూడా లేదు. నేను ఒకటి ముగించేలోపు ఆమె అరడజను పక్కన పెట్టి, మా ఆవిడతో చిట్టీ పాట సంగతి కూడా తేల్చేసింది.

శివరాత్రికి సంచి పంపించాం. అందులో నా వాటా ఒక పిడికెడు. మిగతాదంతా వాళ్ళిద్దరిదీ. అప్పటికి సిరా గోరు అంచున సన్నటి గీతగా మిగిలింది. దాన్ని నెయిల్ కట్టరుతో, దీపం పెట్టకముందే, శుక్రవారం కాని రోజు చూసుకుని, వాకిట్లో కూర్చుని తీశాను. అరవై రెండేళ్ళలో నేను శాస్త్ర ప్రకారం తీసుకున్న మొదటి గోరు అది. శ్రీరామనవమి నాడు మా ఊరి గుళ్ళో కల్యాణం చూస్తూ, అదే వేళకి భద్రాచలంలో నా పిడికెడు ఎవరి నెత్తిన పడుతోందో అనుకుంటూ ఉంటే, మా ఆవిడ మోచేత్తో పొడిచింది. చూసుకుంటే చిటికెనవేలు నోట్లో ఉంది. ఒక్కటే. మిగతా తొమ్మిదీ క్షేమం.

మే 13న మళ్ళీ ఓటు, ఈసారి లోక్‌సభకి. ముందురోజు రాత్రి గోళ్ళు రుద్దుకున్నాను, కొబ్బరినూనె రాసుకున్నాను. లైన్లో ముందున్నవాళ్ళ భుజాల మీదుగా సిరా బల్ల వైపు మెడ చాపి చూశాను. ఆ శిష్యుడు లేడు, వేరే ఎవరో అమ్మాయి. నా వంతు రాగానే ఎడమచేతి చూపుడువేలు బల్ల మీద పెట్టాను, గోరు బాగా కనపడేలా కాస్త వెలుతురులోకి తిప్పి. ఆమె తల ఎత్తకుండా గోటి మీంచి కణుపు దాకా గీత గీసి వదిలేసింది. నేను వేలు తియ్యలేదు.

“అయిపోయింది పెద్దాయనా,” అంది, “పక్కకి జరగండి.”